పిన్నీ, దూకుతున్నా!

డికాక్షన్ దిగేలోగా ఫోను. న్యూజిలాండులో ఉంటున్న మా అక్క కూతురు. "పిన్నీ, ఆదివారం బంగీ జంప్ చేస్తున్నా. చందా ఎంత రాస్తావు?"

కాళ్ళకి రబ్బరు తాడు కట్టించుకుని తలకిందులుగా దూకడమటండీ! క్వీన్స్‌టౌన్ దగ్గర కవరౌ నది వంతెన మీంచి. 1988 నుంచీ అక్కడ జనం డబ్బులిచ్చి మరీ దూకుతున్నారట. ఎత్తు 43 మీటర్లు. మా పెరట్లో కొబ్బరిచెట్టు మీద ఇంకో చెట్టు నిలబెట్టినంత! వింటేనే కళ్ళు తిరిగాయి.

పోగైన సొమ్ము కాన్సర్ రోగులకి. అక్కని తీసుకుపోయిందీ ఆ జబ్బే. ఇక వద్దని ఏ నోటితో అనను?

"చందాకి దూకడమెందుకే? 1996 తుఫానప్పుడు మేం కొత్తపేట వీధుల్లో జోలె పట్టి బియ్యం అడిగితే ఎవరూ దూకి చూపించమన్లేదు" అన్నాను.

"ఊరికే అడిగితే ఇక్కడ వినరు పిన్నీ."

"దూకే టిక్కెట్టు చందాలోంచేనా?"

"కాదు, నా జీతంలోంచి."

అదీ మాట! బీపీ, కళ్ళు డాక్టరుకి చూపించుకోమని గట్టిగా చెప్పి, పూతరేకులు అమ్మిన డబ్బులో రెండువేలు రాశాను.

అక్కడ మధ్యాహ్నమంటే మనకి తెల్లవారుజాము. ఆదివారం దీపం పెట్టుకుని ఫోను పక్కనే కూర్చుంటాను.