శనివారపు తెలుగు చాలునా?

సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలోని చిన్న బడులనుండి వారము వారము వచ్చు వార్తలు ఇంచుమించు ఒకటే. శనివారము ఉదయము కవాతు, పిదప బాలసభ, అందు ఇద్దరు ముగ్గురు పిల్లలు తెలుగు పద్యములు చదువుట, పెద్దలు చప్పట్లు చరచుట. చదివి మనము మురిసిపోవుచున్నాము. ఆ పిల్లల చేతి కాగితములను చూచినవా రెందరు? తెలుగు పద్యము కన్నడ లిపిలో వ్రాసికొని చదువు పిల్లలే వారిలో పెక్కుమంది!

దీనిని తెలుగు చదువనుట ఆత్మవంచన. 1953లో తుంగభద్ర జలాశయము నీరు విడిచిన పిమ్మట కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతములనుండి వచ్చి ఈ నల్లరేగడిని వరిమళ్లుగా మార్చిన తాతల ఉత్తరములు, దస్తావేజులు నేటికిని పెట్టెలలో నున్నవి. మనుమలకు అవి చిత్రలిపి. రాయచూరు పట్టణపు పాత కుటుంబముల గతియు నంతే. 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు రాష్ట్రపు ఉర్దూ, ఆపైని కన్నడము, ఇపుడు ఆంగ్లము. తెలుగు వంటయింట మిగిలినది.

ప్రభుత్వము పట్టించుకొనదని మనవారి మొఱ. అందు సత్యము లేకపోలేదు. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. బడిమొత్తమున 40 మందిగాని, తరగతికి 10 మందిగాని ఉన్నచో ఆ భాషకు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. కాగితముపై నున్న హక్కును అడుగనిదే ఎవడిచ్చును? అడుగవలసినవారు ఉదయమే పిల్లలను ఇంగ్లీషు కాన్వెంటు వ్యాను ఎక్కించి, సాయంకాలము సంఘసమావేశమునకు వచ్చి మాతృభాషపై కన్నీరు కార్చుచున్నారు! బోధనామాధ్యమమును ఎన్నుకొను స్వాతంత్ర్యము తల్లిదండ్రులదని సుప్రీంకోర్టు 2014లో చెప్పినది. ఆ స్వాతంత్ర్యమును మనమెందుకు వినియోగించితిమో మన మనస్సులకు తెలియును.

తెలుగు కూడ నేర్పిన పిల్లలకు బరువగునందురు. తరగతిగదిలోనికి వెళ్లి చూడుడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలై రాష్ట్రమంతట వ్యాపించిన నలి-కలి పద్ధతిలో చిన్నపిల్లలు తరగతిభేదము లేక గుంపులుగా కూర్చుండి, బొమ్మల కార్డులతో ఒక్కొక్క మెట్టెక్కుచు నేర్చుకొందురు. అక్షరములు వర్ణమాల క్రమమున రావు; తొలుత వచ్చునవి ర, గ, స, ద, అ. ఈ అయిదును తెలుగునందు దాదాపు అదే రూపమున నున్నవి! తలకట్టులో మాత్రమే కొంత భేదము. కన్నడపు తొలిమెట్టు ఎక్కిన బిడ్డ తెలియకయే తెలుగు తొలిమెట్టును ఎక్కినది. క, త వంటి వేరురూపపు అక్షరములకు ప్రత్యేకముగ కార్డులు చేసి, దినమునకు అరగంట కేటాయించినచో పని సాగును. ఇంత చేరువైన లిపులను పొందియు నేర్పకుండుట సోమరితనముగాక మఱేమి?

ఇది కన్నడమునకు ద్రోహమని శంకించు మిత్రులు కొందరు గలరు. కన్నడము మనకు అన్నము పెట్టిన నేలభాష. 2015 నాటి చట్టము దానిని బడులలో తప్పనిసరి చేసినది, అది సమంజసమే. మన మడుగునది దాని గంట కాదు, దాని ప్రక్కన మఱియొక గంట.

బడులు తెరచుటకు ముందే ప్రతి క్యాంపులోను తెలుగు పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకములు ఒక పట్టికలో చేర్చి ప్రధానోపాధ్యాయునకు అందజేసి, రసీదు తీసికొనవలెను. నకలు క్షేత్ర విద్యాధికారికి పంపవలెను. వచ్చు బాలసభ వార్తతోపాటు ఆ పట్టికలో ఎన్ని సంతకములు పడినవో కూడ వ్రాసి పంపుడు. దానినే ముందు అచ్చువేయుదము.