తేలుకు పట్టిన నల్లి

అమెరికాలో మన పిల్లలు కుక్కను పెంచుతున్నారంటే వింత లేదు. డల్లాసులో మా చెల్లెలి కొడుకు తేలును పెంచుతున్నాడు! పశ్చిమ ఆఫ్రికా అడవుల ఎంపరర్ తేలు. మన మండ్రగబ్బలాగే నల్లగా, ఇంచుమించు జానెడు పొడుగు. 1995 నుంచి దాన్ని దేశాలు దాటించాలంటే అనుమతి పత్రం వుండాలి.

"పెద్దమ్మా, దాని వంటినిండా తెల్ల నలుసులు పాకుతున్నాయి. మందు కొట్టనా?" అని ఫోను చేశాడు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కదా, హడలిపోయాను. అది నల్లి. మంచాల్లోది కాదు, మిరపచేలో రైతు నల్లి అంటాడే, ఆ జాతి. దానికీ ఎనిమిది కాళ్ళే, తేలుకు దాయాది. దాన్ని చంపే మందు తేలును మాత్రం వదులుతుందా?

ఈ తేలుకు మట్టి తేమగా వుండాలి. అది తిని వదిలేసిన కీచురాయి ముక్కలు ఆ తేమలో కుళ్ళితే నల్లికి పండుగే. ఈ రకం నల్లి చాలామటుకు తేలును కుట్టదు. కాని నోటిదగ్గరా, పొట్టకింది ఎనిమిది ఊపిరి రంధ్రాలమీదా గుంపుకడితే ప్రాణంమీదికి వస్తుంది.

తేలును డబ్బాలోకి తోలి, కాగితం పరచిన పొడి పెట్టెలో వుంచాలి. మూతలో నీళ్ళు తప్పనిసరి. పొడికి నల్లి మాడిపోతుంది. కాగితం రోజూ మార్చాలి. నాలుగైదు రోజులు చాలు. మరీ ఎండగడితే తేలే పోతుంది. ఈలోగా పాత మట్టి పారబోసి, పెట్టె వేడినీళ్ళతో కడిగి, కొత్త మట్టి నింపాలి. ఎంగిలి కీచురాళ్ళను మర్నాడే తీసెయ్యాలి.

అన్నట్టు, నల్లిని తినే నల్లిని కూడా అక్కడ అమ్ముతారు. మట్టిలో వదిలితే వేటాడి తింటుంది; తిండి అయిపోయాక అదీ పోతుంది.