భూమిలో పేరు ఎక్కదు, బండి మీద పేరు దిగదు

దున్నుకునే భూమికి పట్టాలో మా పేరు ఎక్కించండని తాతల కాలం నుంచీ అడుగుతూనే వున్నాం. ఎక్కదు. ఇప్పుడు మన వాడల్లో దానికి తిరగేసిన కష్టం ఒకటి వచ్చిపడింది. అమ్మేసిన బండి మీద పేరు దిగదు. బండి పోయి ఏళ్లు గడిచినా ఆర్‌సీలో యజమాని మనమే. ఇది కూడా సంపాదకీయం రాయాల్సిన సంగతేనా అనుకునేవాళ్లు ఈ కథ వినండి.

మాకు తెలిసిన తాపీ కూలీ ఒకాయన కూతురి పురుటి ఖర్చుకి పాత మోటారు సైకిలు అమ్మాడు. తెల్ల కాయితం మీద రాసుకున్నారు, ఇద్దరు సాక్షులు వేలిముద్రలేశారు. కొన్నవాడు ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని 'మిగతాది నేను చూసుకుంటాలే బావా' అని పోయాడు. చూసుకోలేదు. బండి ఇంకో ఇద్దరి చేతులు మారింది. ఇన్సూరెన్సు కట్టిన నాథుడు లేడు. ఆఖరివాడు రోడ్డు మీద ఒక ముసలాయన్ని గుద్దాడు. ఆయనా మనలాంటి కూలీనే. కోర్టు నోటీసు మాత్రం తాపీ కూలీ పేరున వచ్చింది. ఆయన అప్పటికే హైదరాబాదు పనికి పోయాడు, ఆర్‌సీలో ఊరి అడ్రసే వుంది. తాళం వేసిన తలుపు నోటీసు చదవదు కదా. ఆయన లేకుండానే కేసు తేలిపోయింది.

కోర్టుని తిట్టి లాభం లేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే స్పష్టంగా చెప్పింది. ఆ కారు చాలా చేతులు మారింది. అయినా రికార్డులో ఎవరి పేరుంటే నష్టపరిహారం వాళ్లదే అంది. దెబ్బ తిన్నవాళ్లు ఎవరు ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాలా అని దాని వాదన. ఆ ముసలాయన వైపు నుంచి చూస్తే న్యాయమే. కానీ డబ్బు కట్టకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయొచ్చు. సెంటు భూమి లేనోడికి శిస్తు బకాయి! ఈ దేశంలో భూమి పేరు మనకి వినబడేది ఇలాగే.

చట్టం చెప్పేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 1988 చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకి తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. ఫారం 29, ఫారం 30 దీనికే. వాటిని ఖాళీగా సంతకం చేసి ఇవ్వొద్దు. కొన్నవాడి పేరు, అడ్రసు, తేదీ నింపించి, దరఖాస్తు పెట్టిన రసీదు చేతికొచ్చాకే తాళం ఇవ్వండి. 2014 తర్వాత కోదాడ బండి జగ్గయ్యపేటలో అమ్మినా వేరే రాష్ట్రమే. అప్పుడు గడువు 45 రోజులు, ఎన్‌ఓసీ కావాలి. వలసపోయి కాపురం మార్చినవాళ్లు కొత్త అడ్రసు 30 రోజుల్లో నమోదు చేయించాలి.

ఆఫీసు దాకా పోతే బ్రోకరు ముందు నిలబడతాడని, ఒక రోజు కూలీ పోతుందని మనవాళ్లంటారు. అబద్ధం కాదు. అందుకే ఒక్కొక్కరు కాక నలుగురైదుగురు కలిసి, సంఘం కుర్రాడొకణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇంకొక సంగతి కుండబద్దలు కొట్టి చెప్పాలి. ఎస్సీ కార్పొరేషన్ లోనులో మన పేరున వచ్చి పెద్దోళ్ల కొట్టంలో నిలబడే ట్రాక్టర్లున్నాయి. సబ్సిడీ ఆయనకి, ఆర్‌సీ మనకి. సంతకానికిచ్చిన నాలుగు వేలు ఎప్పుడో ఖర్చయిపోతాయి. ఆ ట్రాక్టరు కింద మనిషి పడితే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాడే. తెలంగాణలో 2021లో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలన్నప్పుడు చాలామంది బండ్లే తీసుకున్నారు. అలా వచ్చిన బండిని నోటి మాట మీద ఎవరికీ అప్పగించొద్దు. అప్పు మీదున్న బండికైతే అప్పిచ్చినవాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా పేరు మారదు.

మొన్న ఆదివారం మా వాడలో బడి వరండాలో కూర్చుని అందరి ఆర్‌సీలూ తెప్పించి చూశాం. సొంత పేరున్నవి తక్కువే. ఒక కుర్రాడి ఆర్‌సీలో చనిపోయిన వాళ్ల నాన్న పేరే ఇంకా వుంది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో తమ పేరుకి దరఖాస్తు పెట్టాలి. గడువు దాటింది. నాన్న పేరు చెరిపించడానికి మనసొప్పలేదు మాష్టారూ అన్నాడు. సోమవారం మేమే తోడు వెళ్తున్నాం.