రుజువు ఎవరు చూపవలెను?

తన దగ్గరి దస్తావేజులు తానే తగులబెట్టి, ఎదుటివానిని ‘నీ రుజువేది?’ అని నిలదీయువానిని మన పల్లెలలో ఏమందురో పాఠకులకు తెలియును. బ్రిటిషు హోం శాఖ కరీబియన్ దీవులవారి పట్ల చేసినది ఈ పనియే.

1948 జూన్ 22న ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ టిల్బరీ రేవులో దింపినవారు ఆ దేశానికి పరాయివారు కారు. సామ్రాజ్యపు ప్రజలుగానే వచ్చినారు. వారి వెనుక మరెందరో వచ్చినారు. 1973కు ముందు స్థిరపడినవారికి నివాసహక్కు కలదని 1971 నాటి చట్టం చెప్పినది. చెప్పినదేగాని అందుకు గుర్తుగా చేతికొక కాగితం ఇవ్వలేదు. ఓడ దిగిననాటి కార్డులను 2010లో హోం శాఖయే నాశనం చేసినది. 2012 తరువాత కొలువుకు, అద్దెయింటికి, ఆస్పత్రికి కాగితం కావలెనని పట్టుబట్టినదీ ఆ శాఖయే! పనులు పోయినవారు కొందరు, నిర్బంధంలో మగ్గినవారు కొందరు, పసితనాన విడిచిన దీవులకు పంపబడినవారు కొందరు.

2018లో గగ్గోలు పుట్టి హోం మంత్రి యాంబర్ రడ్ రాజీనామా ఇచ్చినారు. మరుసటి ఏట పరిహార పథకం వచ్చినది. అయితే దానిని నడుపునదెవరు? మరల ఆ హోం శాఖయే. తన్ను తరిమినవారి గుమ్మం మరల తొక్కుటకు ముసలివారు జంకినారన్న వింతయేమున్నది? 2021లో పార్లమెంటు కమిటీ లెక్క చూడగా, తొలి అంచనాలోని 15,000 మంది అర్హులలో నూటికి ఆరుగురికైనా పైకం ముట్టలేదు. 23 మంది ముట్టకముందే కన్నుమూసినారు.

ఇట్టి స్థితిలో ఆదుకొన్నది ఇరుగుపొరుగు. చర్చి హాళ్లలో, సంఘ భవనాలలో స్వచ్ఛంద సేవకులు కూర్చుండి అర్జీలు నింపుతున్నారు. పాత జీతపు రసీదులు వెదకిస్తున్నారు. ఈ కూడిక వారికి కొత్తది కాదు. బ్యాంకులు అప్పివ్వని రోజులలో వారు ‘పార్డ్‌నర్’ అనే చీటీలు వేసుకొని ఇండ్లు కొన్నారు. మన చీటీలవంటివే అవి.

కాని ఈ సేవను మెచ్చుకొనుటలోనే ఒక చిక్కున్నది. పొరుగువారి మంచితనం సర్కారు బాకీకి చెల్లుచీటీ కారాదు. నష్టాన్ని లెక్కగట్టుట, చట్టపు మెలికలు విప్పుట న్యాయవాది పని. పథకం పెట్టిననాడు ఆ ఖర్చు భరింపని ప్రభుత్వం, సాయపడు సంఘాలకు 15 లక్షల పౌండ్లు ప్రకటించునప్పటికి 2024 వచ్చినది. పథకాన్ని హోం శాఖ చేతినుండి తప్పించి స్వతంత్ర సంస్థకు అప్పగించవలెనని ఆ కమిటీ 2021లోనే చెప్పినది. అది జరుగవలెను, న్యాయవాది ఖర్చూ సర్కారే పెట్టుకొనవలెను.

చనిపోయినవారి పక్షాన బిడ్డలు అడుగవలెనన్నను, వారసులమని తెలుపు పత్రం ముందు తేవలెనట. దానికై వారు మరల ఆ చర్చి హాలు మెట్లే ఎక్కుచున్నారు.