ప్రక్కగాలి – సైకిలు చక్రము

ఎదురుగాలిలో సైకిలు త్రొక్కుట కష్టమని అందరికిని తెలియును. ప్రక్కగాలి అంతకంటె అపాయకరమని తెలియవలెనన్నచో ఆషాఢమాసమున విజయవాడలోని ప్రకాశము బ్యారేజిమీద ఒకసారి సైకిలుపై పోయి చూడవలెను. 1957లో ప్రారంభమైన ఈ బ్యారేజి పొడవు సుమారు 1223 మీటర్లు. కృష్ణ ఇచ్చట పడమటినుండి తూర్పునకు పారుచున్నది. బాట నదికి అడ్డముగా సీతానగరమునకు సాగుచున్నది. ఇంద్రకీలాద్రి చాటున ఉన్నంతవరకు పడమటిగాలి అంతగా తెలియదు. చాటు దాటినంతనే అది కుడివైపునుండి వచ్చి త్రోయును.

పందెములలోని సైకిళ్లను చూచి మన యువకులు కొందరు లోతు రిమ్ముల చక్రములపై మనసుపడుచున్నారు. మామూలు చక్రమునకు రిమ్ము సన్నని వలయము. గాలి ఊచలనడుమ దూరిపోవును. లోతు రిమ్ము టైరునుండి ఇరుసువైపునకు 50 మొదలు 80 మిల్లీమీటర్లవరకు పలకవలె దిగియుండును. ఎదురుగాలిని అది చక్కగా చీల్చునన్న మాట నిజమే. కాని ప్రక్కగాలికి అదియే తెరచాప యగును. వెనుకచక్రము చట్రమునకు బిగింపబడినది గనుక గాలి దానిని నెట్టునే గాని త్రిప్పజాలదు. ముందుచక్రమో, హ్యాండిలుతో పాటు తిరుగునది. గాలి ఒత్తిడి దాని ముందుభాగముననే అధికముగా పడుటచేత, మన చేతిలోని హ్యాండిలును గాలియే త్రిప్పజూచును. గాలివేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును.

నిలకడగా వీచు గాలికి ఎదురుగా కొంచెము ఒరిగి త్రొక్కినచో సరిపోవును. మోసగించునది ఆగి ఆగి వీచు గాలి. సీతానగరమువైపు పోవునపుడు మనము ఎడమప్రక్కన, కుడికి ఒరిగి పోవుచుందుము. ఇంతలో ఒక కారు మన కుడిప్రక్కగా దాటును. అది గాలిని అడ్డగించిన క్షణమున మన ఒరుగుదలకు ఆనిక తప్పును. సైకిలు కారువైపే తూలును. కారు పోయినతోడనే గాలి మరల తన్నును. అట్టిచోట లోతు రిమ్ము ముందుండుట ఎంతమాత్రము తగదని నా అభిప్రాయము. హవాయి దీవిలోని కోనాలో జరుగు ఐరన్‌మ్యాన్ పందెమున గాలికి వెరచి వెనుక పళ్లెపుచక్రమును సైతము అనేక సంవత్సరములు నిషేధించిరి. వారు కాకలుతీరిన పోటీదారులు; మనము బడికి పోవువారము!

వేగము తగ్గునే యని విచారింప నక్కరలేదు. గాలిని ముఖ్యముగా అడ్డునది చక్రము కాదు, త్రొక్కువాని దేహము. నడుము కొంచెము వంచినచో ఖర్చులేకయే లాభము కలుగును. గాలి మరీ విజృంభించిన దినమున నేను దిగి, సైకిలును నడిపించుకొని పోవుదును. చూచి నవ్వినవారును కలరు.