దీపాలు చివరి పని కాదు



కొత్త వార్డు కట్టాలని కమిటీ తలపెట్టినప్పటి నుండి అందరూ అడిగేది ఒక్కటే: మంచాలెన్ని, ఖర్చెంత? లైట్ల సంగతి ఎవరూ అడగరు. స్లాబు పడి, సున్నాలు వేశాక ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించి పోతాడులే అనుకుంటాము. అలా అనుకోవడం తప్పని మా అభిప్రాయం.

మా పాత వార్డునే చూడండి. ట్యూబులైట్ల కింద ఫ్యాన్లు వచ్చాయి. ఫ్యాను తిరిగినంతసేపూ రెక్కల నీడ మంచాల మీద కదులుతూ వెలుగు మినుకు మినుకుమంటుంది. తలనొప్పితో పడుకున్నవారికి అదెంత బాధో వారికే తెలుసు. ఆపరేషను గదికి పోయే దారిలో లైట్లన్నీ స్ట్రెచరు మీది మనిషి కళ్లలోనే పడతాయి. మేము నిలబడి నడిచేవాళ్లం గనుక ఇన్నేళ్లూ ఇది మా కంటబడలేదు.

ఇప్పుడు ఇంజనీర్లు భవనాన్ని ముందు కంప్యూటరులో కడుతున్నారు. దీనిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్ అంటారు. ఇది వట్టి బొమ్మ కాదు. ప్రతి గోడకు, కిటికీకి, ఆక్సిజన్ పైపుకు కొలతలూ వివరాలూ అందులో ఉంటాయి. లైట్లను కూడా మొదటినుండి అందులో పెడితే ఫ్యానుకూ లైటుకూ తగాదా సిమెంటు కలపకముందే తెలుస్తుంది. ఏ లైటు ఎటువైపు ఎంత వెలుగు చిమ్ముతుందో తెలిపే ఫైలును కంపెనీలే ఇస్తాయి. దానితో డయలక్స్ వంటి సాఫ్ట్‌వేర్ మంచం మీద పడే వెలుగును లెక్కకడుతుంది. చిక్కంతా ఎక్కడంటే, భవనం గీసేవారు ఒకరు, వెలుగు లెక్క కట్టేవారు ఇంకొకరు. ఒకరు సీలింగు ఎత్తు మార్చితే రెండోవారికి కబురు పోదు. ఐఎఫ్‌సి అనే ఉమ్మడి ఫైలు ఇద్దరి మధ్యా తిరగాలి, మార్పు జరిగిన ప్రతిసారీ తిరగాలి.

వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. యూరోపు ప్రమాణం ప్రకారం వార్డులో మామూలుగా 100 లక్స్, మంచం దగ్గర చదువుకోవడానికి 300, పరీక్షించి చికిత్స చేసేచోట 1000 ఉండాలి. రాత్రివేళ నర్సు చూసుకోవడానికి 5 చాలు. అంటే వార్డంతటికీ ఒకే స్విచ్చి పనికిరాదు. ఆ వైర్లకు పైపులు స్లాబు పోయకముందే వేయాలి. తరువాత గుర్తొస్తే గోడలు తవ్వాల్సిందే.

వెలుగు రంగు కూడా ముఖ్యమే. పుట్టిన బిడ్డకు కామెర్లు వచ్చాయా అని చర్మం చూసేటప్పుడు పసుపు బల్బు మోసం చేస్తుంది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలినచోట బిడ్డ పసుపు తగ్గి, దుప్పటి అంచు కప్పినచోట మాత్రం మిగిలిపోవడం గమనించారు. నేటి నీలిదీపాల చికిత్సకు అది నాంది. (బిడ్డ పచ్చబడితే ఎండలో పెట్టి ఊరుకోకండి, వెంటనే తీసుకురండి.)

మరొక మాట, నొచ్చుకోవద్దు. పెద్దల జ్ఞాపకార్థం ఫ్యాన్లు, లైట్లు కొని ఇచ్చే కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. ఆ ప్రేమకు మేము రుణపడి ఉన్నాము. కానీ ఒకరు పసుపు లైటు, ఒకరు తెల్ల లైటు తెస్తే ఒకే గదిలో రెండు రంగులు అవుతున్నాయి. ఈసారి ఆ కానుకను ప్లానులోని లైటు పేరున ఇవ్వండి. పేరు ఎప్పటిలాగే గోడ మీద రాయిస్తాము.

ఇంతా చేయడానికి డబ్బు కావాలి గదా అని కమిటీలో కొందరు అన్నారు. నిజమే, మోడలు గీసే ఫీజు ఎక్కువే. అది మన శక్తికి మించితే మామూలు ప్లాను మీదైనా లైట్లు గుర్తించాకే స్లాబు పోయాలని మేము పట్టుబడతాము.

ప్లాను గీయగానే ఓపీ హాలులో పెట్టిస్తాము. మా వార్డులో పడుకుని వెళ్లినవారు వచ్చి చూడండి. రాత్రి మీ కంట్లో పడిన లైటు ఏదో, ఏ మంచం దగ్గర మాత్ర పేరు చదవలేకపోయారో సిస్టరుగారికి చెప్పండి. ఆ సంగతి ఇంజనీరుగారికి తెలియదు, మాకూ తెలియదు.