ఏ పక్షమూ లేదనేవాళ్ల పక్షం



మొన్న ఒక చర్చలో కులం మాట రాగానే ఒక పెద్దమనిషి నవ్వుతూ అడ్డుపడ్డారు. "ఏ అభిప్రాయాన్నీ పట్టుకోవద్దని బుద్ధుడే అన్నాడు కదా సార్, మీరేమో కులాన్ని వదలరు." ఆయనకి ఏ ఇజమూ లేదట, ఏ పక్షమూ లేదట. నా పక్కన కూర్చున్న పీజీ విద్యార్థి తల దించుకున్నాడు. ఆ పిల్లాడి కోసం ఇది రాస్తున్నా.

అభిప్రాయాన్ని పాళీలో దిట్ఠి అంటారు. మన 'దృష్టి' అదే. మనిషి పట్టుకు వేలాడే నాలుగు ఉపాదానాల్లో దిట్ఠి ఒకటని సుత్తాలు చెబుతాయి. అంతవరకూ ఆయన మాట నిజమే. కానీ అష్టాంగ మార్గం మొదలయ్యేదే సమ్మాదిట్ఠితో, అంటే సరైన దృష్టితో. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

మజ్ఝిమనికాయంలో దీఘనఖుడనే పరివ్రాజకుడు రాజగృహంలో బుద్ధుడి దగ్గరికొచ్చి, తనకేదీ సమ్మతం కాదంటాడు. మరి ఈ మాటైనా సమ్మతమేనా అని బుద్ధుడు అడుగుతాడు. మన పెద్దమనిషికి అచ్చంగా సరిపోయే ప్రశ్న. ఏ పక్షమూ లేదనడం కూడా ఒక పక్షమే, కులం వల్ల ఏ నష్టమూ లేనివాళ్లకి హాయైన పక్షం.

అదే నికాయంలో, బ్రాహ్మణులే శ్రేష్ఠులని వాదించడానికి 16 ఏళ్ల అస్సలాయనుణ్ణి ముందుకు తోస్తారు శ్రావస్తిలోని బ్రాహ్మణులు. బుద్ధుడు చిరునవ్వుతో ఊరుకోలేదు. బ్రాహ్మణ స్త్రీలూ ముట్టవుతారు, కడుపుతో ఉంటారు, కని పాలిస్తారు కదా అన్నాడు. యవన, కాంభోజ దేశాల్లో యజమాని, దాసుడు అనే రెండు వర్ణాలే ఉన్నాయనీ, అవీ తారుమారవుతాయనీ గుర్తు చేశాడు. మాట పెగలక ఆ కుర్రాడు తల దించుకున్నాడు.

మరి వదలమన్నది దేన్ని? నాదే నిజం, మిగతాదంతా బూటకం అనే పట్టుని. ఏరు దాటాక తెప్పని నెత్తిన పెట్టుకు తిరగొద్దని ఆయన తన ధమ్మం గురించే చెప్పాడు. దాటాక! మనమింకా ఏటి మధ్యలోనే ఉన్నాం. ఒడ్డున నిలబడి తెప్ప వదిలెయ్యమనేవాళ్ల మాట వినక్కర్లేదు.

కానీ మనకీ ఓ చురక ఉంది. వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ల తగాదాని కారణంగా చూపించారు. నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధలోవేనా, తర్వాత చేర్చినవా అనీ అడిగారు. అంత ప్రేమించిన గురువు విషయంలోనే అన్ని ప్రశ్నలు వేసిన మనిషి పేరు చెప్పి, మనం ప్రశ్నలు ఆపేస్తున్నాం. "అంబేడ్కర్ చెప్పేశారు, కూర్చో" అంటున్నాం. క్లాసులో నేనూ ఒకసారి అన్నాను. ఆ సెమిస్టరంతా ఆ అమ్మాయి మళ్లీ లేచి ఏమీ అడగలేదు.